డిసెంబరు సెలవుల్లో కచేరీల ఊరు

మద్రాసు కోర్టులకు క్రిస్మస్ సెలవులు లేకపోతే కర్ణాటక సంగీతం ఇవాళ మనం వింటున్న తీరులో ఉండేది కాదేమో. విడ్డూరంగా తోచే మాటే గానీ, వెనక్కి లెక్క తీస్తే అక్కడికే తేలుతుంది. స్వాతంత్ర్యానికి ముందు చాలాకాలం కాంగ్రెస్ మహాసభలు డిసెంబరు చివరి వారంలోనే జరిగేవి. పార్టీని నడిపిన పెద్దల్లో వకీళ్లు ఎక్కువ. కోర్టులు మూతపడితే తప్ప వాళ్లకు తీరిక ఉండేది కాదు. 1927లో ఆ మహాసభ డాక్టర్ ఎం.ఎ. అన్సారీ అధ్యక్షతన మద్రాసులో జరిగింది. దాంతోపాటే అఖిల భారత సంగీత మహాసభ ఒకటి ఏర్పాటైంది. రాజకీయ తీర్మానాల హోరులో సంగీతానికీ ఒక తీర్మానం దక్కింది: నగరంలో ఒక సంగీత అకాడమీ ఉండాలని. మరుసటి ఏడాది ఆగస్టు 18న ఎస్ప్లనేడ్‌లోని వై.ఎం.సి.ఎ. హాలులో సర్ సి.పి. రామస్వామి అయ్యర్ చేతుల మీదుగా మ్యూజిక్ అకాడమీ మొదలైంది. ఏటా జరిపే సదస్సు, దానితో పాటు కచేరీలు క్రమంగా డిసెంబరు సెలవుల్లో స్థిరపడ్డాయి. అరవంలో మార్గళి అనీ, మనకు ధనుర్మాసం అనీ తెలిసిన ఆ చలి నెల అలా ‘సీజన్’ అయి కూర్చుంది.

అకాడమీకి మొదటి అధ్యక్షుడు యు. రామారావు. ఆయన పాటగాడు కాదు, డాక్టరు. మొదటి రోజుల్లో కార్యదర్శిగా చురుగ్గా తిరిగిన ఇ. కృష్ణయ్యర్ వకీలు. భరతనాట్యానికి సమాజంలో గౌరవం తేవాలని ఆడవేషం కట్టి స్వయంగా గజ్జె కట్టిన మనిషి ఆయన. కాలక్రమంలో అకాడమీ పగ్గాలు పట్టిన టి.ఎల్. వెంకటరామ అయ్యర్ సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా పనిచేశారు, దీక్షితార్ కృతుల్లో దిట్ట కూడా. పగలు బల్ల ముందు తీర్పులు, సాయంత్రం తంబురా ముందు ఆలాపనలు. ఇలాంటి రెండు పడవల ప్రయాణం మద్రాసు పెద్దమనుషులకు మామూలే.

అసలు మద్రాసులో ఇలాంటి సంగీత సభలు ఎందుకు పుట్టాయి? అంతకు ముందు సంగీతానికి తిండి పెట్టింది గుడి, రాజాస్థానం, జమీందారు. 1855లో తంజావూరు సంస్థానం ఇంగ్లీషువాళ్ల పరమయ్యాక విద్వాంసులు కొత్త అండ వెతుక్కోవాల్సి వచ్చింది. మద్రాసులో ఉద్యోగాలున్నాయి, జీతాలున్నాయి, సాయంత్రాలున్నాయి. సంగీతం మీద ప్రేమ ఉన్న గుమాస్తాలూ వకీళ్లూ వర్తకులూ తలా ఇంత చందా వేసుకుని, ఒక హాలు చూసుకుని, నెలకో రెండో కచేరీలు పెట్టించుకోవడం మొదలుపెట్టారు. అదే సభ. ట్రిప్లికేన్‌లోని పార్థసారథి స్వామి సభ 1896 నాటిది. త్యాగరాయనగర్‌లో కృష్ణ గానసభ 1953లో వచ్చింది. నారద గానసభ 1958 నాటిది. మైలాపూర్‌లో ఒక సభ పేరే ఫైన్ ఆర్ట్స్ క్లబ్. పేరు ఏదైనా సరుకు ఒకటే: సభ్యత్వ రుసుం, కార్యవర్గం, అలకలు, ఎన్నికలు, అందరికీ భయభక్తులున్న ఒక సెక్రటరీ. యువ గాయకుడికి ఏ తేదీ, ఏ గంట ఇవ్వాలన్నది తేలేది ఆయన బల్ల దగ్గరే.

దీని ప్రభావం పాట మీదే పడింది. రాజు ముందు పాడేవాడికి మెప్పించాల్సింది ఒక్కరిని. నచ్చితే ఒకే రాగం రాత్రంతా సాగినా అడిగేవాడు లేడు. సభలో ఎదురుగా ఉన్నది టిక్కెట్టు కొన్న వందలమంది. వాళ్లు ఆఫీసు నుంచి నేరుగా వచ్చారు, ఆఖరి ట్రాము అందుకోవాలి. ఈ సంగతి అందరికంటే బాగా గ్రహించినవాడు అరియక్కుడి రామానుజ అయ్యంగార్ (1890–1967). ఈనాటి కచేరీ పద్ధతిని చక్కదిద్దిన ఘనత ఆయనదేనని విద్వాంసులు ఒప్పుకుంటారు. పాటలు చిన్నవయ్యాయి, వాటి సంఖ్య పెరిగింది, వరసకు ఒక వడుపు వచ్చింది. 1930లలో మైకు కూడా వచ్చి చేరింది. హాలు చివరి వరస దాకా వినపడాలని గొంతు చించుకోనక్కర్లేదు. సన్నని గమకాలు పలికే గొంతులకూ, ఆడవాళ్ల గొంతులకూ పెద్ద వేదికలు తెరుచుకున్నాయి.

కచేరీకి మొదటిసారి వెళ్లేవారికి ఆ వరస తెలిస్తే సగం బెరుకు పోతుంది. ముందు వర్ణం. గాయకుడి గొంతూ శ్రోత చెవీ రెండూ వేడెక్కడానికి. తరువాత రెండు మూడు చిన్న కృతులు చకచకా. ఆ పైన ఒక రాగాన్ని తాళం లేకుండా, మాటలు లేకుండా మెల్లగా విప్పుతారు. దాన్నే ఆలాపన అంటారు. గాయకుడు అన్నదాన్ని వయొలిన్ వెంట వెంటనే తన తీరులో చెబుతుంది. అప్పుడు కృతి అందుకుంటారు. అందులో ఒక పాదాన్ని పట్టుకుని తిప్పి తిప్పి పాడటం నెరవు, ఆ తరువాత అప్పటికప్పుడు అల్లే స్వరకల్పన. ఇది ప్రధాన కృతి అయితే చివర మృదంగం, ఘటం లేదా కంజిర వాళ్లకు వదిలేస్తారు. అదే తని ఆవర్తనం. కొందరు మేధావులు ఆ సమయంలోనే క్యాంటీనుకు లేచిపోతారు. లయ వాద్యకారులు దశాబ్దాలుగా నొచ్చుకుంటున్న అలవాటు ఇది, ఇంకా మారలేదు. తీరిక ఉంటే రాగం తానం పల్లవి, ఆఖర్న తుక్కడాలనే చిన్న పాటలు, మంగళం. అన్నీ కలిపి రెండున్నర గంటలు. ఒకప్పుడు నాలుగైదు గంటలు సాగేవి.

తెలుగువాడు ఆ హాలులో కూర్చుంటే ఒక తమాషా జరుగుతుంది. పక్కవాళ్లందరూ అరవం మాట్లాడుకుంటుంటే వేదిక మీద నుంచి వచ్చేది తెలుగు. త్యాగరాజస్వామి కృతుల్లో అత్యధికం తెలుగువే. శ్యామశాస్త్రి ముఖ్యంగా తెలుగులోనే రాశారు, క్షేత్రయ్య పదాలు సరేసరి. దీక్షితార్ మాత్రం సంస్కృతం. కావేరీ తీరాన పుట్టిన తెలుగు పాట ఇది. భాష రాని గాయకుడు పదాన్ని ఎక్కడ విరవకూడదో సరిగ్గా అక్కడే విరిచినప్పుడు మన ప్రాణం చివుక్కుమంటుంది. అయినా తిరగేసి చూస్తే, మన ఇళ్లలో ఎందరికి ఆ కృతులు పది నోటికి వస్తాయి? అక్కడి పిల్లలకు వస్తాయి. చివుక్కుమనే హక్కు మనకు ఏ మేరకు ఉందో ఆలోచించాల్సిందే.

ఈ తెలుగు పెత్తనం అక్కడివారికి కంటగింపుగా ఉండకపోలేదు. తమ నగరంలో, తమ డబ్బుతో జరిగే కచేరీల్లో అరవ పాటలకు చివర తుక్కడాల చోటేనా అన్న ప్రశ్న 1940ల మొదట్లో ఉద్యమమైంది. రాజా అన్నామలై చెట్టియార్ దానికి అండ. కల్కి కృష్ణమూర్తి కలం బలం ఇచ్చారు, రాజాజీ సై అన్నారు. సంగీతానికి భాషతో పేచీ పెట్టవద్దని అకాడమీ ఎదురు నిలిచింది. 1943లో తమిళ ఇసై సంఘం వెలిసింది. డిసెంబరులో దానికీ వేరే పండుగ. వాళ్ల కోపంలో న్యాయం ఉంది. వినేవాడికి మాట తెలియాలి కదా. ఆ పోరు వల్ల త్యాగయ్యకు వచ్చిన లోటు ఏమీ లేదు. పాపనాశం శివన్ వంటివారి రచనలు మాత్రం కచేరీల్లో స్థిరంగా నిలిచాయి. మార్గళి తెల్లవారుజామున మైలాపూర్ మాడవీధుల్లో భజన చేస్తూ తిరిగిన శివన్ గోష్ఠి వెనక ఊరే నడిచేదట. ఇప్పటికీ ఆ వీధుల్లో ఆ వేళకు భజన బృందాలు కనిపిస్తాయి. తిరుమలలో సుప్రభాతం బదులు తిరుప్పావై వినిపించే నెల కూడా ఇదే.

అకాడమీ సదస్సుకు ఏటా ఒక విద్వాంసుడు అధ్యక్షత వహిస్తారు. 1942 నుంచి ఆ అధ్యక్షులకు ‘సంగీత కళానిధి’ బిరుదు ఇస్తున్నారు. అంతకు ముందు అధ్యక్షులైన వారికీ అప్పుడే వర్తింపజేశారు. మొదటి మహిళ ఎం.ఎస్. సుబ్బులక్ష్మి, 1968లో. మనవాళ్ల వరస చూస్తే ఒక్కొక్కరిది ఒక్కో కథ. 1941 సదస్సుకు అధ్యక్షులైన ద్వారం వెంకటస్వామి నాయుడు విజయనగరం సంగీత కళాశాలకు విద్యార్థిగా చేరదామని వెళితే, వాయిద్యం విని ఆచార్యుడిగా వేసుకున్నారని చెబుతారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణకు 1978లో వచ్చింది. 1983లో అందుకున్న శ్రీపాద పినాకపాణి వృత్తిరీత్యా వైద్యుడు, కర్నూలు వైద్య కళాశాలలో పాఠాలు చెప్పారు. పొద్దున రోగులు, సాయంత్రం శిష్యులు. ఆ శిష్యుల్లో నేదునూరి కృష్ణమూర్తి 1991లో అదే బిరుదు అందుకున్నారు. ప్రకాశం జిల్లా కరవది నుంచి వెళ్లి శ్రీరంగంలో స్థిరపడిన నాదస్వర విద్వాంసుడు షేక్ చిన మౌలానా వంతు 1998లో వచ్చింది. రామభక్తి కృతులను ఆయన అంత ఆర్తిగా ఊదుతుంటే మతం సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు.

సీజన్‌లో ఒక రోజు ఎలా గడుస్తుంది? పొద్దున్నే అకాడమీలో సోదాహరణ ప్రసంగం. ఫలానా రాగంలో ఫలానా స్వరం ఎంత పలకాలన్నదాని మీద వాదోపవాదాలు, ఒక్కోసారి మర్యాద అంచు దాకా వెళ్తాయి. మధ్యాహ్నం కుర్రకారు కచేరీలు. చాలా సభల్లో వీటికి టిక్కెట్టు ఉండదు. సాయంత్రం రెండు కచేరీలు, ఆఖరిది పెద్ద పేరున్నవారిది. పత్రికలో అచ్చయిన జాబితాను ముందేసుకుని, ఏ సభ నుంచి ఏ సభకు ఎంతసేపట్లో చేరొచ్చో లెక్కలు వేసుకునే పెద్దవాళ్లను చూస్తే ముచ్చటేస్తుంది. మధ్యలో క్యాంటీను. దాన్ని తక్కువ చేస్తే సీజన్‌ను సగమే చెప్పినట్టు. ప్రతి సభా ఆ కొద్దిరోజులకు పేరున్న వంటవాళ్లను పిలుస్తుంది. అరిటాకు భోజనం, రవ్వదోశ, అడై అవియల్, ఆ పూటకు ప్రత్యేకంగా ఏదో ఒక హల్వా, డికాక్షన్ కాఫీ. కచేరీ సంగతి పట్టకుండా కేవలం తినడానికి వచ్చేవారు కూడా బోలెడంతమంది. ఏ సభలో పాట బాగుందన్న చర్చ కంటే ఎక్కడ సాంబారు బాగుందన్న చర్చే వాడిగా సాగుతుంది.

మెచ్చుకోవడానికే కాదు, ఉతికి ఆరేయడానికీ ఇక్కడ సంప్రదాయం ఉంది. కల్కి ‘కర్ణాటకం’ అన్న మారుపేరుతో ఆనంద వికటన్‌లో సమీక్షలు రాసేవారు. తరువాతి కాలంలో సుబ్బుడు కలం అంటే విద్వాంసులకు హడలు. ఇప్పుడు ఆ ఘాటు తగ్గింది. ఇవాళ సమీక్షల్లో ఎక్కువభాగం పాటల జాబితాకు విశేషణాలు తగిలించడమే.

ఫిర్యాదులకూ కొదవ లేదు. కొద్దివారాల్లో వందల కచేరీలు పడితే వినేవాడు ఎక్కడి నుంచి వస్తాడు? పేరున్నవారికి హాలు నిండుతుంది. మధ్యాహ్నం రెండింటికి పాడే ఇరవై ఏళ్ల పిల్ల ఎదుట అమ్మానాన్నా, గురువుగారూ, ఏసీ కోసం వచ్చిన నలుగురూ ఉంటారు. వేదిక మీదా కుర్చీల్లోనూ ఒకే సామాజిక వర్గం కనిపిస్తోందన్న విమర్శ మరింత బరువైనది. ఆ మాట గట్టిగా అన్న గాయకుడు టి.ఎం. కృష్ణ 2015లో ఇకపై సీజన్‌లో పాడనని ప్రకటించారు. అదే ఏడాది బీసెంట్ నగర్ పక్కన ఊరూర్ ఓల్కాట్ కుప్పం అనే జాలరిపేటలో ఒక ఉత్సవం మొదలైంది. అక్కడ శాస్త్రీయ సంగీతమూ, పరై డప్పూ ఒకే వేదిక పంచుకున్నాయి. 2018లో లైంగిక వేధింపుల ఆరోపణలు బయటికొచ్చినప్పుడు అకాడమీ ఏడుగురు కళాకారులను ఆ ఏటి జాబితా నుంచి పక్కన పెట్టింది. 2024లో సంగీత కళానిధి కృష్ణకే వచ్చింది, దాంతో పెద్ద దుమారమే లేచింది. కచేరీ సెలవుల కాలక్షేపమే అయితే ఇన్ని గొడవలు ఎందుకు వస్తాయి?

2020లో కరోనా కారణంగా హాళ్లు మూతపడితే సీజన్ ఫోను తెరల్లోకి దూరింది. హైదరాబాదులోనో డాలస్‌లోనో కూర్చుని విన్నవారికి అది వరమే. అమెరికాలో పెరిగిన పిల్లలు శీతాకాలం సెలవులకు చెన్నై వచ్చి పాడటం ఇప్పుడు మామూలైపోయింది. అటు ఒహాయోలోని క్లీవ్‌లాండ్‌లో 1978లో కొందరు ప్రవాసులు చిన్నగా మొదలుపెట్టిన త్యాగరాజ ఆరాధన ఏటా ఈస్టర్ వేళల్లో జరుగుతుంది. ఇండియా బయట ఇంత పెద్ద కర్ణాటక సంగీత ఉత్సవం మరొకటి లేదంటారు. ఇక్కడి నుంచి విద్వాంసులు వెళ్తారు, అక్కడి పిల్లలు పోటీల్లో పాడతారు, వందల గొంతులు కలిసి పంచరత్నాలు అందుకుంటాయి.

చెన్నై వెళ్లి చూద్దామనుకునే తెలుగువారికి పెద్ద పథకాలు అక్కర్లేదు. డిసెంబరు 15 మొదలు జనవరి 1 దాకా అకాడమీలో సందడి, చివరి రోజున బిరుదుల ప్రదానం, ఆ తరువాత నాట్యోత్సవం. మిగతా సభలు ఇంకా ముందే తలుపులు తెరిచి సంక్రాంతి దాకా లాగుతాయి. పేరున్నవారి రాత్రి కచేరీలకు టిక్కెట్లు దొరకడం కష్టం. ఆ రోజు అమ్మే కొద్దిపాటి టిక్కెట్ల కోసం పొద్దున్నే వరసలో నిలబడాలి. మధ్యాహ్నపు కచేరీలకు ఆ బాధ లేదు. నేరుగా వెళ్లి ముందు వరసలో కూర్చోవచ్చు. పాడేవాళ్లలో పదేళ్ల తరువాత టిక్కెట్టు దొరకనివారు ఎవరో అక్కడే వినపడుతుంది. తని ఆవర్తనం మొదలయ్యాక మాత్రం లేవకండి. కాఫీ ఎక్కడికీ పోదు.