స్ట్రీమింగ్ సేవల చీలిక - పైరసీ

స్ట్రీమింగ్ సేవల చీలిక అనగా ఒకటి రెండు సంస్థల వద్దనే చందాకు లభించిన చలనచిత్రాలు, ధారావాహికలు అనేక సంస్థల మధ్య విడిపోవడం. హక్కుదారుల అనుమతి లేకుండా చిత్రాలను నకలు తీసి పంచడాన్ని పైరసీ అంటారు. చందా కట్టిన ప్రేక్షకులు కొందరు తిరిగి పైరసీ వైపు మళ్ళడానికి ఈ చీలిక ఒక ముఖ్య కారణంగా పరిగణింపబడుచున్నది.

పూర్వరంగం

2007లో అమెరికాలో నెట్‌ఫ్లిక్స్ అంతర్జాలం ద్వారా చిత్రాలను అందించడం ప్రారంభించినది. పలు స్టూడియోలు తమ చిత్రాల ప్రసార హక్కులను దానికి విక్రయించేవి. దొంగ ప్రతుల కోసం వెతకడం, వైరస్‌ల బెడద, నాసిరకపు బొమ్మ - వీటికంటే చిన్న చందాయే సుఖమని ప్రేక్షకులు గ్రహించారు. పైరసీ ప్రధానంగా ధరకు కాక, సేవకు సంబంధించిన సమస్య అని వీడియో ఆటల సంస్థ వాల్వ్ అధిపతి గేబ్ న్యూవెల్ 2011లో వాదించాడు.

చీలిక క్రమం

2019 నవంబరులో డిస్నీ ప్లస్ మరియు ఆపిల్ టీవీ ప్లస్, 2020లో హెచ్‌బీఓ మ్యాక్స్ మరియు పీకాక్ ఆరంభమయ్యాయి. స్టూడియోలు తమ చిత్రాలను సొంత సేవలకు మళ్ళించుకున్నాయి. అమెరికాలో నెట్‌ఫ్లిక్స్ నుండి "ఫ్రెండ్స్" 2020లోను, "ది ఆఫీస్" 2021లోను తొలగిపోయాయి.

భారతదేశంలో హెచ్‌బీఓ ధారావాహికలు 2023 మార్చి 31తో హాట్‌స్టార్‌ను వీడి, తరువాత జియోసినిమాకు చేరాయి. 2025 ఫిబ్రవరిలో ఆ రెండు సేవలూ జియోహాట్‌స్టార్‌గా విలీనమయ్యాయి. 2022 మే నెలలో "ఆర్.ఆర్.ఆర్." చిత్రపు హిందీ ప్రతి నెట్‌ఫ్లిక్స్‌లోను, తెలుగు ప్రతి జీ5లోను విడుదలయ్యాయి. అనగా ఒకే చిత్రం భాషను బట్టి వేర్వేరు చందాల కిందికి వచ్చినది.

కారణాలు

* ఖర్చు: ఒక్కొక్క చందా చిన్నదైనా, నాలుగైదు కలిస్తే భారమవుతుంది.
* వెతుకులాట: ఏ చిత్రం ఎక్కడ ఉన్నదో తెలుసుకోవడమే ఒక పని. పైరసీ స్థలాలలో అన్నీ ఒకేచోట దొరుకుతాయి.
* అస్థిరత: చందా కట్టినా చిత్రం నిలిచి ఉంటుందన్న హామీ లేదు. 2022లో హెచ్‌బీఓ మ్యాక్స్ హెచ్‌బీఓ నిర్మించిన "వెస్ట్‌వరల్డ్" ధారావాహికనే తొలగించినది.
* ఆంక్షలు: 2023లో నెట్‌ఫ్లిక్స్ ఇంటి బయటివారితో పాస్‌వర్డు పంచుకోవడాన్ని అరికట్టినది. 2024లో అమెజాన్ ప్రైమ్ వీడియో అమెరికాలో చందాదారులకు ప్రకటనలు చూపసాగినది.

సంగీతంతో పోలిక

సంగీత సేవలలోనూ పోటీ ఉన్నది. అయితే ఇంచుమించు అవే పాటలు ప్రతి సేవలోనూ లభిస్తాయి కనుక శ్రోతకు ఒక్క చందా సరిపోతుంది. పోటీ సంస్థలు అనేకం ఉండడం కంటే, ప్రతి చిత్రానికీ ప్రత్యేక హక్కులు ఉండడమే చిక్కు అని ఈ పోలిక వలన తెలియుచున్నది.

పరిమాణం, పరిణామాలు

మ్యూసో అనే బ్రిటిష్ సంస్థ అంచనా ప్రకారం ప్రపంచవ్యాప్తంగా పైరసీ స్థలాల సందర్శనలు 2020లో సుమారు 13,000 కోట్లు, 2024లో సుమారు 21,600 కోట్లు. ఈ పెరుగుదలకు చీలిక ఒక్కటే కారణం కాదు. ప్రతి సందర్శనా ఒక చందా నష్టమనీ చెప్పలేము. అయినను నిర్మాతలకు, ముఖ్యంగా చిన్న చిత్రాలవారికి, కలిగే నష్టం నిజమైనదే.

భారతదేశంలో 2023 నాటి సినిమాటోగ్రాఫ్ సవరణ చట్టం ప్రకారం చిత్రాలను అక్రమంగా చిత్రీకరించి ప్రసారం చేసేవారికి 3 నెలల నుండి 3 సంవత్సరాల వరకు జైలు, కనీసం 3 లక్షల రూపాయల జరిమానా విధించవచ్చు. శిక్ష భయం కలిగించగలదు గాని, చిత్రాన్ని సులభంగా అందించలేదు. 2024లో అమెరికాలో డిస్నీ ప్లస్, హులు, మ్యాక్స్ సేవలను కలిపి ఒకే చందాకు ఇవ్వడం ఈ రెండవ లోటును తీర్చే దిశగా వేసిన అడుగు.