కంప్యూటరు రాతకూ కావాలి దస్తూరీ

పూర్వం అడంగల్‌లో పేరు మారితే అది ఎవరి పనో తెలుసుకోవడానికి ఒక దారి ఉండేది. అక్షరం చూసి 'ఇది ఫలానా కరణంగారి దస్తూరీ' అని ఊళ్ళో పెద్దలు గుర్తుపట్టేవారు. సిరా రంగు తేడాగా ఉన్నా, కొట్టివేత పక్కన పొట్టి సంతకం లేకపోయినా అనుమానం వచ్చేది.

1984లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కరణాల వ్యవస్థను రద్దు చేసింది. తర్వాత దస్త్రాలు కంప్యూటర్లకెక్కాయి. 2015లో ఆంధ్రప్రదేశ్‌లో 'మీ భూమి' వచ్చాక అడంగల్, 1-బి ఇంటి దగ్గరే చూసుకునే వీలు కలిగింది.

సౌకర్యం బాగానే ఉంది. కానీ కంప్యూటరు అక్షరానికి దస్తూరీ ఉండదు. ఎవరు టైపు చేసినా ఒకేలా ఉంటుంది. తెల్లవారేసరికి తన రెండెకరాలు మరొకరి పేరున కనబడితే రైతు ఎవరిని నిలదీయాలి?

రెండు అదనపు గడులు

దీనికి ఉపాయం లేకపోలేదు. రైతు పేరు, సర్వే నంబరు, విస్తీర్ణంతో పాటు ప్రతి నమోదుకూ మరో రెండు గడులు కేటాయించాలి. రాసింది ఎవరు అనేది ఒకటి, ఏ తేదీన ఎన్ని గంటలకు అనేది రెండోది. ఈ గడులు సిబ్బంది చేత్తో నింపేవి కాకూడదు. అలా అయితే ఎవరి పేరైనా రాయవచ్చు. ఉద్యోగి తన పాస్‌వర్డుతో లోపలికి వచ్చినప్పుడే అతనెవరో కంప్యూటరుకు తెలుస్తుంది. ఆ గుర్తునే అది తనంతట తాను వేసుకోవాలి.

దిద్దుబాటు జరిగితే మొదట రాసినవారి గుర్తు చెరిగిపోకూడదు. పాత వివరం, దిద్దినవారి గుర్తు, దిద్దిన వేళ అన్నీ నిలిచి ఉండాలి. ఒకే పేరుగలవారు ఇద్దరు ఉండవచ్చు కనుక పేరు బదులు ఒక్కొక్కరికి ఒక్కో సంఖ్య ఇవ్వడం మేలు. ఉద్యోగి బదిలీ అయినా, రిటైరైనా అతని ప్రవేశం ఆపాలే తప్ప ఆ సంఖ్యను తీసివేయరాదు. తీసివేస్తే పాత నమోదులన్నీ దిక్కులేనివవుతాయి.

పొరుగున కర్ణాటకలో 'భూమి' పథకం కింద సుమారు 2 కోట్ల భూమి పత్రాలను కంప్యూటర్లకెక్కించారు. అక్కడ సిబ్బంది వేలిముద్ర వేసి లోపలికి వెళ్ళే ఏర్పాటు చేశారు. 'నేను చేయలేదు' అని తర్వాత తప్పించుకోకుండా ఉండడానికే ఈ జాగ్రత్త.

తాళంచెవి పదిమందిదైతే...

ఎంత ఏర్పాటున్నా పాస్‌వర్డు కాగితం మీద రాసి బల్లకు అంటిస్తే అంతా వృథా. ఒకరి పాస్‌వర్డుతో మరొకరు పని చేస్తే, చేసినవాడు ఒకడు, దస్త్రానికెక్కే పేరు మరొకరిది. నిర్దోషి ఇరుక్కుంటాడు. ఇతరుల పాస్‌వర్డును మోసపూరితంగా వాడితే సమాచార సాంకేతిక చట్టం 66-సి సెక్షను కింద 3 ఏళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

రైతులు కూడా అప్పుడప్పుడూ తమ ఖాతా చూసుకుంటూ ఉండాలి. చూసిన ప్రతి నకలునూ తేదీ వేసి దాచుకోవాలి. తేడా కనబడితే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టి, ఆ మార్పు ఎవరి లాగిన్ నుంచి, ఏ రోజున, ఏ ఉత్తర్వు మీద జరిగిందో అడగవచ్చు. సాధారణంగా 30 రోజులలోగా అధికారులు జవాబు ఇవ్వాలి. భూమి ఎవరిదన్న తగవు అర్జీతోనే తేలకపోవచ్చు. కానీ రాసిన చేయి ఏదో తెలిస్తే సగం చిక్కు విడిపోయినట్టే.