నల్లగీతల మాట

పాత పటాలంటే నాకు పిచ్చి అని మా యింట్లో నవ్వుతారు. కాని సర్వే ఆఫ్ ఇండియా వారి పాతపటం, 56 కె/7, చూస్తే మీరూ వదలరు. మైలుకు అంగుళం చొప్పున గీసినది. నేటి జూబిలీ హిల్సు, ఫిల్మ్ నగర్ వున్న చోటు యిందులోదే.

మేడలు లేవు, స్టూడియోలు లేవు. 1976లో పొరుగున బంజారా హిల్సులో అన్నపూర్ణ స్టూడియో వెలియడానికి ముందటి మాట. వున్నవల్లా గుట్టలు. వాటి రాళ్ల వయసు సుమారు 250 కోట్ల యేళ్లు! యెత్తు తెలిపేవి గోధుమరంగు గీతలు. గీతకూ గీతకూ నడుమ 50 అడుగులు. గీతలు ఒత్తుగా వుంటే నిటారు, యెడంగా వుంటే చదును.

ఇక నల్లగీతలు చూడండి. యేడాదంతా నీరుండే వాగు నీలం. వానకు మాత్రమే పారేది నలుపు. గుట్టలమీది నీరు కొంత దిగేది యూసఫ్‌గూడ పల్లానికి. యెండిన వాగే కదా అని పూడ్చి, యిళ్లు కట్టాం. నీరు మాత్రం దారి మరవలేదు. గట్టివాన కురిస్తే గుట్టమీద తారల వాకిళ్లు తడిసి ఆరుతాయి. దిగువ కృష్ణానగర్‌లో, లైట్‌బాయ్‌లూ చిన్నవేషాలవారూ అద్దెకుండే వీధులు వాగులౌతాయి.

1767లో పుట్టిన యీ సర్వేసంస్థ 2017లో తన పటాలను ఇంటర్నెట్‌లో ఉచితంగా అందించింది. స్థలం కొనేముందు వాస్తు చూస్తాం కదా, పటం కూడా చూడమని నా మనవి. నల్లగీత మీద కట్టిన యింటికి యే ద్వారం యెటున్నా నీరు రాక మానదు.