గ్రాములు కాదు, బాధను తూచాలి

భారీ స్తనాల తగ్గింపు శస్త్రచికిత్స అందం కోసమా, ఆరోగ్యం కోసమా? అవసరం లేని ఆపరేషన్లతో ఒకసారి చేతులు కాల్చుకున్న రాయ్‌పూర్‌లో ఈ ప్రశ్నకు మరింత జాగ్రత్తగా జవాబు వెతకాలి

మెడనొప్పికి ఎముకల డాక్టరు. స్తనాల కింది మడతల్లో ఒరుసుకుని మండే చర్మానికి చర్మవ్యాధుల డాక్టరు. చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కితే నరాల డాక్టరు. తరచూ తలనొప్పి వస్తుంటే కళ్లద్దాల దుకాణం. భారీ స్తనాలతో బాధపడే మహిళ ఇలా ఎన్నో గుమ్మాలు ఎక్కి దిగాల్సి వస్తుంది. ఒక్కోచోట ఒక్కో చీటీ, ఒక్కో పూతమందు, నాలుగు నొప్పి మాత్రలు. వీటన్నిటికీ మూలం ఒకటే కావచ్చని విడమరిచి చెప్పేవారు తక్కువ. ఆ మాట తానే ముందుగా ఎత్తడానికి ఆమెకు మొహమాటం.

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లో ఎండాకాలం ఉష్ణోగ్రత 44 డిగ్రీలు దాటడం కొత్త కాదు. చెమట ఆరని మడతల్లో ఫంగస్ చేరుతుంది, తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది. భుజాల మీద బ్రా పట్టీలు గాడులు పడేలా కోసుకుపోతాయి. వ్యాయామం చేయమంటారు. పరుగు మాట అటుంచి, నాలుగడుగులు వేగంగా నడవడమే కష్టం.

దీనికి చికిత్స లేకపోలేదు. స్తనాల్లోని అదనపు గ్రంథి కణజాలాన్ని, కొవ్వును, చర్మాన్ని తొలగించి చిన్నవిగా తీర్చిదిద్దే శస్త్రచికిత్స దశాబ్దాలుగా స్థిరపడినదే. డాక్టర్లు దాన్ని రిడక్షన్ మ్యామోప్లాస్టీ అంటారు. 2012లో మొదలైన రాయ్‌పూర్ ఎయిమ్స్‌లోనూ, దావ్ కల్యాణ్ సింగ్ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలోనూ ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి. అంటే సర్జన్ల కోసం ముంబై, హైదరాబాద్ పరుగెత్తాల్సిన పని లేదు. చిక్కంతా కత్తి పట్టడానికి ముందే వస్తోంది. ఈ ఆపరేషన్ అవసరమా, కాదా అన్నది తేల్చేదెవరు?

ఒక శరీరం, మూడు నిర్వచనాలు

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఖరారు చేసిన ప్రామాణిక మినహాయింపుల్లో కాస్మెటిక్, ప్లాస్టిక్ సర్జరీలు ఉన్నాయి. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణానికి మాత్రం డబ్బు ఇవ్వాలి. ఇంకో తలుపు కూడా కొద్దిగా తెరిచి ఉంది. ఆరోగ్యానికి ప్రత్యక్షంగా, తక్షణంగా ఉన్న ముప్పును తొలగించే చికిత్సలో భాగమైతే, అది అవసరమని చికిత్స చేసే డాక్టరు ధ్రువీకరిస్తే బీమా వర్తిస్తుంది. అసలు మెలిక 'తక్షణం' అన్న మాటలోనే ఉంది. పదేళ్లుగా మెడను పిండేస్తున్న నొప్పి తక్షణ ముప్పు అవుతుందా? ప్రాణం తీయదు, అలాగని బతకనివ్వదు. అలాంటి బాధకు ఆ వాక్యంలో చోటు వెతుక్కోవాల్సిందే.

పన్నుల శాఖ నిర్వచనం వేరు. 2017లో వచ్చిన జీఎస్టీ నోటిఫికేషన్ ప్రకారం ఆరోగ్య సేవలకు పన్ను లేదు. కానీ కాస్మెటిక్, ప్లాస్టిక్ సర్జరీలకు ఆ వెసులుబాటు లేదు. పుట్టుకతో వచ్చిన లోపం, ఎదుగుదలలో తేడా, గాయం వల్ల దెబ్బతిన్న శరీర నిర్మాణాన్ని లేదా పనితీరును సరిచేసేందుకైతే మాత్రం ఉంది. ఇక్కడ 'తక్షణం' ఊసు లేదు, 'పనితీరు' ఉంది. యుక్తవయసులో అసాధారణంగా పెరిగిన స్తనాలు ఎదుగుదలలో తేడా కిందికి వస్తాయని వాదించవచ్చు. అదే కేసు బీమా కంపెనీ బల్ల మీద ఓడిపోనూవచ్చు.

ఇక ఆయుష్మాన్ కార్డు. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి ఖర్చు భరించే ఈ పథకం కూడా సౌందర్య చికిత్సలను పక్కన పెట్టింది. అందువల్ల పేద మహిళ విషయంలో 'ఇది అందం కోసం కాదు' అని ఎవరో ఒకరు కాగితం మీద రాయడం మీదే అంతా ఆధారపడుతుంది.

రాయ్‌పూర్ నేర్చుకున్న పాఠం

డాక్టరు రాస్తే చాలదా అనవచ్చు. చాలదని ఇదే నగరం నిరూపించింది. 2012లో బయటపడ్డ 'గర్భాశయ కాండ్' ఛత్తీస్‌గఢ్‌ను కుదిపేసింది. పేద కుటుంబాలకు 30,000 రూపాయల వరకు వైద్యఖర్చు భరించే రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజన కార్డు కోసం, అవసరం లేకున్నా మహిళల గర్భసంచులు తొలగించారన్న ఆరోపణలు వచ్చాయి. నడుం నొప్పి, తెల్లబట్ట లాంటి బాధలతో వచ్చినవారిని క్యాన్సర్ వస్తుందని భయపెట్టారన్నది ప్రధాన ఫిర్యాదు. రాయ్‌పూర్‌లో కొందరు డాక్టర్ల రిజిస్ట్రేషన్లు సస్పెండయ్యాయి.

తెలుగువారు ముక్కున వేలేసుకునే అవకాశం లేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశవ్యాప్తంగా 3.2 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. తెలంగాణదీ దాదాపు అదే దారి. డాక్టర్ నరేంద్ర గుప్తా 2013లో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంపై 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, అనవసర గర్భసంచి ఆపరేషన్లను అరికట్టేందుకు కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను రాష్ట్రాలు మూడు నెలల్లో అమలు చేయాలని ఆదేశించింది. జిల్లా నుంచి జాతీయ స్థాయి దాకా పర్యవేక్షణ కమిటీలు ఉండాలన్నది వాటి సారాంశం.

ఆ అనుభవం రెండు సంగతులు చెబుతోంది. డబ్బు తేలిగ్గా వచ్చేచోట అవసరం లేకున్నా కత్తి పడుతుంది. డబ్బు రానిచోట అవసరమున్నా కత్తి కదలదు. గర్భసంచి మొదటి తప్పుకు ఉదాహరణ అయితే, భారీ స్తనాల బాధ రెండోదానికి ఉదాహరణ. రెండుచోట్లా పక్కకు జరిగిపోయింది మహిళ చెప్పే మాటే. ఆపరేషన్ చేసే చేతే అవసరాన్నీ ధ్రువీకరిస్తే అనుమానం తప్పదు. అందుకే ఆపరేషన్‌తో ఏ లాభమూ లేని మరో డాక్టరు అభిప్రాయం ఇక్కడ లాంఛనం కాదు, రక్షణ.

గ్రాముల గోల

వివాదం తప్పించుకునేందుకు చాలా దేశాలు తూకాన్ని ఆశ్రయించాయి. బ్రిటన్ ప్రభుత్వ వైద్య వ్యవస్థ 2018లో పెట్టుకున్న షరతుల్లో ఒక్కో వైపు కనీసం 500 గ్రాములు తీయాల్సి రావడం ఒకటి (లేదా కనీసం నాలుగు కప్పు సైజులు తగ్గాలి). శరీర బరువు సూచీ బీఎంఐ 27 లోపు ఉండటం, ఆ బరువు ఏడాదిపాటు నిలకడగా ఉండటం మరొకటి. అమెరికాలో చాలా బీమా కంపెనీలు 1991లో పాల్ ష్నర్ అనే సర్జన్ బృందం ప్రచురించిన పట్టికను వాడతాయి. మనిషి శరీర ఉపరితల వైశాల్యాన్ని బట్టి ఎన్ని గ్రాములు తీస్తే 'వైద్య అవసరం' అవుతుందో అది చెబుతుంది.

500 గ్రాముల గీత పొట్టి మనుషులకు ఎంత అన్యాయమో ఆ పట్టికే చెబుతుంది. ఉదాహరణకు 150 సెంటీమీటర్ల ఎత్తు, 54 కిలోల బరువున్న మహిళ శరీర వైశాల్యం సుమారు 1.5 చదరపు మీటర్లు. ష్నర్ లెక్కలో ఆమెకు ఒక్కో వైపు 260 గ్రాములు చాలు. వైశాల్యం 1.9 ఉన్న మహిళకు 527 గ్రాములు కావాలి. సగటు భారతీయ మహిళ మొదటి ఉదాహరణకే దగ్గర. విదేశీ కొలతను తెచ్చి ఇక్కడ అతికిస్తే నిజంగా బాధపడే చాలామంది గీతకు అవతలే ఉండిపోతారు.

అసలు తూకానికీ బాధకూ అంత సూటి సంబంధం లేదని పరిశోధనలు చెబుతున్నాయి. 2002లో అమెరికాలో వెలువడ్డ ఒక అధ్యయనంలో బరువు తగ్గడం, ఫిజియోథెరపీ, ప్రత్యేకమైన బ్రాలు, మందులు శాశ్వత ఊరట ఇవ్వలేదని, శస్త్రచికిత్స ఇచ్చిందని తేలింది. అమెరికా ప్లాస్టిక్ సర్జన్ల సంఘం 2022లో సవరించిన మార్గదర్శకాలు ఇంకో అడుగు ముందుకేశాయి. ఎన్ని గ్రాములు తీస్తారన్నది కాకుండా, ఒకటికి మించిన లక్షణాలు ఉన్నాయా లేదా అన్నదే గీటురాయి కావాలన్నాయి. అయితే సర్జన్ల సంఘానికి సర్జరీ మీద మొగ్గు ఉండటం సహజమని గుర్తుంచుకోవాలి. నిర్ణయం రోగి చేతిలో ఉండాలన్నది అందుకే.

కత్తికీ ఖరీదుంది

ఇది చిన్న ఆపరేషన్ కాదు. పూర్తి మత్తులో కొన్ని గంటలు పడుతుంది. మచ్చలు జీవితాంతం ఉంటాయి. రక్తస్రావం, ఇన్ఫెక్షన్, కుట్ల దగ్గర గాయం ఆలస్యంగా మానడం లాంటి ఇబ్బందులు రావచ్చు. చనుమొనల స్పర్శ తగ్గవచ్చు. అరుదుగానైనా చనుమొనకు రక్తప్రసరణ ఆగిపోయి కణజాలం చచ్చిపోవచ్చు. బిడ్డకు పాలివ్వడం కష్టం కావచ్చు. కాబట్టి సంతానం గురించి ఆలోచించేవారు ఆ విషయం ముందే తేల్చుకోవాలి. పొగతాగడం, అదుపులో లేని మధుమేహం, అధిక బరువు ముప్పును పెంచుతాయి.

కొందరు ఆగడమే మేలు. ఎదుగుతున్న అమ్మాయిల్లో బాధ మరీ తీవ్రమైతే తప్ప స్తనాల పెరుగుదల నిలిచేదాకా వేచి చూస్తారు. కాన్పు తర్వాత, పాలు మాన్పించాక పరిమాణం మారుతుంది. బాగా బరువున్నవారికి ముందు కొంత తగ్గమని చెప్పడం సబబే. కానీ గ్రంథి కణజాలమే ఎక్కువగా ఉన్నవారికి ఎంత బరువు తగ్గినా స్తనాలు పెద్దగా తగ్గవు. 'ముందు సన్నబడి రా' అని పంపేయడం వారి విషయంలో వైద్యం కాదు, వాయిదా.

పేదలకు అందమెందుకు?

ఈ ప్రశ్నను దేశంలో నేరుగా ఎదుర్కొన్న రాష్ట్రం తమిళనాడు. 2018లో చెన్నైలోని స్టాన్లీ ప్రభుత్వ ఆసుపత్రిలో స్తనాల శస్త్రచికిత్సలను ఉచితంగా అందించడం మొదలుపెట్టినప్పుడు విమర్శలు వచ్చాయి. డెంగీ, టీబీ ఉండగా దీనికి డబ్బెందుకని అడిగారు. సౌందర్య చికిత్స పేదలకు ఎందుకు అందకూడదన్నది అప్పటి ఆరోగ్య మంత్రి సి.విజయభాస్కర్ వాదన. అయితే భుజాలు, వీపు నొప్పితో పరిమాణం తగ్గించుకునేందుకు వచ్చేవారూ ఉంటారని అక్కడి డాక్టర్లు గుర్తుచేశారు. అందం చర్చ హోరులో ఆ మాట పెద్దగా వినపడలేదు.

నిజానికి అందం, ఆరోగ్యం మధ్య గీత గీయడం అన్నివేళలా కుదరదు. నొప్పి తగ్గిన మహిళ తన రూపం చూసుకుని సంతోషిస్తే ఆ ఆపరేషన్ అనవసరమైపోదు. మోకాలి చిప్ప మార్చుకున్న వ్యక్తి మళ్లీ ఠీవిగా నడిస్తే దాన్ని ఎవరూ సోకు అనరు. స్తనాల దగ్గరికి వచ్చేసరికే ఆ అనుమానం. తూకం యంత్రానికి తెలియనిది, బీమా గుమస్తాకు కనపడనిది ఆ బాధ మోస్తున్న మనిషికి తెలుసు. ఆమె మాటను నమోదు చేయడం, పరీక్షించడం, ఆపై నమ్మడం వైద్యం చేయాల్సిన మొదటి పని.

నిర్ణయానికి ముందు

• బాధ ఎక్కడ, ఎప్పటి నుంచి, దేనికి ఆటంకం అన్నది కొన్ని నెలలపాటు రాసిపెట్టుకోవాలి. చర్మవ్యాధులు, ఎముకల డాక్టర్ల చీటీలు, ఫిజియోథెరపీ కాగితాలు పారేయకూడదు.

• ముందు సరైన కొలత బ్రా వాడి చూడాలి. మెడనొప్పికి వెన్నుపూస అరుగుదల లాంటి వేరే కారణం లేదని తేల్చుకోవాలి.

• హఠాత్తుగా, లేదా ఒకవైపే పెరిగితే, గడ్డ తగిలితే ఇది తగ్గింపు సమస్య కాదు. వెంటనే పరీక్ష చేయించుకోవాలి. 40 దాటినవారికి ఆపరేషన్‌కు ముందు మామోగ్రఫీ అవసరం.

• ఆపరేషన్ చేసే సర్జన్ కాకుండా మరొకరి అభిప్రాయం తీసుకోవాలి. తీసిన కణజాలాన్ని పరీక్షకు పంపుతారా అని అడగాలి.

• బీమా కంపెనీకి ముందే దరఖాస్తు చేయాలి. అవసరమెందుకో డాక్టరు వివరంగా రాయాలి. ఐఆర్‌డీఏఐ 2024 నిబంధనల ప్రకారం సమీక్ష కమిటీ ఆమోదం లేకుండా క్లెయిమ్‌ను తిరస్కరించకూడదు.

• కంపెనీకి ఫిర్యాదు చేసి నెల గడిచినా ఫలితం లేకపోతే బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఛత్తీస్‌గఢ్ వాసులకు ఆ కార్యాలయం భోపాల్‌లో ఉంది.