కళ్ళు పొడిబారితే ఏం చేయాలి?

కన్నీరంటే ఏడ్చినప్పుడు వచ్చేదే అనుకుంటాం. కానీ మెలకువగా ఉన్నంతసేపూ మన కంటిపై పలుచని కన్నీటి పొర ఉంటుంది. రెప్ప వేసిన ప్రతిసారీ అది కొత్తగా పరుచుకుంటుంది. అందులో అడుగున జిగురు, మధ్యలో నీరు, పైన నూనె ఉంటాయి. రెప్పల అంచునున్న చిన్న గ్రంథుల నుండి వచ్చే ఆ నూనే నీటిని ఆరిపోకుండా కాపాడుతుంది. నీరు తగ్గినా, నూనె సరిగా రాకపోయినా కళ్ళు పొడిబారతాయి.

అప్పుడు మంట, దురద, ఎరుపు, ఇసుక పడ్డట్టు గరగర మొదలవుతాయి. కొందరికి నీళ్ళు కూడా కారతాయి. "నీళ్ళు కారే కన్ను పొడి కన్నెలా అవుతుంది?" అని మా పిల్లలు అడుగుతుంటారు. మంటకు కన్ను ఒక్కసారిగా కుమ్మరించే నీరది, కంటిపై నిలవదు.

మామూలుగా నిమిషానికి సుమారు 15 సార్లు రెప్ప వేస్తాం. సెల్‌ఫోను చూస్తున్నప్పుడు అది బాగా తగ్గిపోతుంది. కుట్టుపని, మగ్గం పని చేసేవారికీ ఇదే ఇబ్బంది. వయసు మళ్ళడం, నెలసరి ఆగిపోవడం, మధుమేహం, కీళ్ళవాతం, కొన్ని అలర్జీ మాత్రలు కూడా కారణాలే. పిల్లలకు పొడి కళ్ళతోపాటు రేచీకటి ఉంటే విటమిన్-ఎ లోపమేమో చూపించాలి.

ఇంట్లో చేయదగినవి కొన్ని ఉన్నాయి. ప్రతి 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూస్తూ, నిండుగా రెప్పలు వేయాలి. ఫ్యాను, కూలరు గాలి నేరుగా ముఖానికి తగలనీయరాదు. గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డను మూసిన రెప్పలపై 5 నుండి 10 నిమిషాలు ఉంచితే గడ్డకట్టిన నూనె కరుగుతుంది. కృత్రిమ కన్నీటి చుక్కలు ఉపశమనమిస్తాయి. వాటిని తరచుగా వేయవలసివస్తే ప్రిజర్వేటివ్ లేనివి మేలు.

రెండు విషయాల్లో మాత్రం చాలా జాగ్రత్త అవసరం. మందుల షాపులో అడిగి తెచ్చుకునే చుక్కల్లో స్టెరాయిడ్ ఉండవచ్చు. రెండు రోజుల్లో ఎరుపు తగ్గి హాయిగా అనిపిస్తుంది. నెలల తరబడి వాడితే కంటిలో ఒత్తిడి పెరిగి నీటికాసులు, శుక్లాలు రావచ్చు. నీటికాసులతో పోయిన చూపు తిరిగి రాదు. రెండోది సుర్మా. బజారులో దొరికే కొన్ని రకాల్లో సీసం ఉంటుంది. అది పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. చలువ చేస్తుందని పసికందు కళ్ళకు పెట్టవద్దని తల్లులను కోరుతున్నాం.

తీవ్రమైన నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చీము, చూపు తగ్గడం కనిపిస్తే ఇంటి వైద్యం ఆపి అదే రోజు కంటి డాక్టరు వద్దకు వెళ్ళాలి. పాత చీటీ చూపించి చుక్కలు కొనుక్కోవడం కంటే కళ్ళు చూపించుకోవడమే మనకు క్షేమం.