పెళ్లి డీవీడీలో చివరి 24 నిమిషాలు

జీలకర్ర బెల్లం దాకా బొమ్మ బాగానే వస్తుంది. తలంబ్రాల దగ్గర ఒకటి రెండుసార్లు గళ్లు గళ్లుగా చెదురుతుంది. అప్పగింతలకు వచ్చేసరికి ఆగిపోతుంది. మళ్లీ మొదటి నుంచి పెట్టినా అంతే, సరిగ్గా అక్కడికొచ్చి ఆగుతుంది. సికింద్రాబాద్ మోండా మార్కెట్ చుట్టుపక్కల పాత ఇళ్లలో బీరువా పై అరలోంచి పెళ్లి డీవీడీ తీసి పెట్టుకున్నవాళ్లు చెప్పే మాట ఇది. ఎవరింట్లో విన్నా చివరి భాగమే పోయిందంటారు. ఎందుకు చివరే? దీనికి జవాబు డిస్కు కొలతల్లోనే ఉంది.

డీవీడీ వ్యాసం 120 మిల్లీమీటర్లు, మందం 1.2 మిల్లీమీటర్లు. అది ఒకే పలక కాదు. 0.6 మిల్లీమీటర్ల పాలీకార్బొనేట్ పలకలు రెండింటిని జిగురుతో అతికిస్తే ఒక డిస్కు అవుతుంది. మన పెళ్లి ఉండేది ఆ రెండు పలకల నడుమ. మధ్య నుంచి అంచు వైపు చుట్లు చుట్లుగా తిరిగే ఒకే ఒక గీత మీద అంతా రాసి ఉంటుంది. చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం 0.74 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా లేదు. ఆ గీతను విప్పి పరిస్తే దాదాపు 11.8 కిలోమీటర్లు వస్తుంది, మోండా మార్కెట్ నుంచి చార్మినార్ దాటేంత పొడవు.

రాత మొదలయ్యేది కేంద్రం నుంచి 24 మిల్లీమీటర్ల దగ్గర, ముగిసేది 58 మిల్లీమీటర్ల దగ్గర. గీత మీద రాత ఒకే ఒత్తుగా ఉంటుంది కాబట్టి ఎంత వైశాల్యానికి అంత నిడివి. లోపలి చుట్లు చిన్నవి, బయటి చుట్లు పెద్దవి. లెక్క వేస్తే సగం వీడియో 44 మిల్లీమీటర్ల దగ్గరే అయిపోతుంది, మిగతా సగం బయటి 14 మిల్లీమీటర్లలో ఉంటుంది. ఇంకా బయటికి వస్తే, చిట్టచివరి 5 మిల్లీమీటర్ల పట్టీలోనే మొత్తం డిస్కులో 20 శాతం సమాచారం ఇరుక్కుని ఉంటుంది. రెండు గంటల వీడియోతో నిండిన డిస్కులో 20 శాతమంటే 24 నిమిషాలు. మన పెళ్లి వీడియోలో ఆ 24 నిమిషాలు ఏమిటో చెప్పనక్కర్లేదు. అమ్మాయి చేతిని అత్తగారి చేతిలో పెట్టే ఘట్టం అక్కడే ఉంటుంది.

ఈ అంచు మీదే అన్ని దెబ్బలూ పడతాయి. డిస్కును పట్టుకున్నప్పుడల్లా వేలిముద్రలు పడేది అక్కడే. రెండు పలకల అతుకు బయటికి తెరుచుకునేదీ అక్కడే. గాలీ తేమా లోపలికి పోయే దారుల్లో అదీ ఒకటి. డిస్కు ఏమాత్రం వంగినా వంపు ఎక్కువగా తెలిసేది అంచులోనే, లేజర్ గురి తప్పేదీ అక్కడే. పైగా ఒకే రోజు పది కాపీలు రైట్ చేయాల్సిన స్టూడియోలో రైటర్‌ను 16 రెట్ల వేగంతో నడిపితే, ఆ గరిష్ఠ వేగం అందుకునేది అంచుకు చేరాకే. హడావుడి రాత అంతా అప్పగింతల మీద పడుతుంది.

మోండా వెనక సందులో ఉండే మా బంధువుల ఇంట్లో ఈమధ్య ఇలాంటి డిస్కు ఒకటి నా చేతికిచ్చారు. పైన వధూవరుల ఫొటోతో గుండ్రటి కాగితపు స్టిక్కర్ ఉంది. ఒక పక్క బుడగలు లేచి, అంచు కొద్దిగా పైకి లేచింది. తిప్పి చూస్తే అడుగున ఊదా నీలం రంగు. ట్యూబ్‌లైటు కింద వాలుగా పట్టుకుంటే ఆ నీలంలో రెండు ఛాయలు కనిపించాయి. రాసిన భాగం ఒక ఛాయ, రాయని భాగం మరో ఛాయ. రెండింటినీ విడదీసే వలయం అంచుకు రెండు మిల్లీమీటర్లు ఇవతల ఉంది. డిస్కు దాదాపు నిండిందన్నమాట. మీ దగ్గరున్న డిస్కులో ఆ వలయం ఇంకా లోపలే ఉంటే మీ చివరి ఘట్టాలు కాస్త భద్రమైన చోట ఉన్నట్టే.

"పోయిన దసరాకు కూడా పెట్టుకొని చూసినం. అప్పుడు మంచిగనే వచ్చింది" అంది వదిన. ఆమె చెప్పింది నిజమే అయి ఉంటుంది. డీవీడీ పాడయ్యే తీరే అలాంటిది.

డిస్కు మీద రాసేటప్పుడు సమాచారాన్ని కట్టలు కట్టలుగా సర్దుతారు. ఒక్కో కట్టలో 208 వరసలు, వరసకు 182 బైట్లు, మొత్తం 37,856 బైట్లు. అందులో అసలు సరుకు 33,024 బైట్లు. మిగిలిన 4,832 బైట్లు కాపలా అంకెలు, అంటే దాదాపు 13 శాతం. ఎక్కడైనా అక్షరాలు చెరిగిపోతే వాటిని ఈ కాపలా అంకెల సాయంతో ప్లేయర్ మళ్లీ కట్టుకుంటుంది. గీత వెంబడి ఏకంగా 6 మిల్లీమీటర్ల మేర రాత చెరిగిపోయినా బొమ్మ మీద మచ్చ పడకుండా నడిపించగలదు. ఇంత చక్కటి ఏర్పాటులోనే మనకు నష్టం కూడా ఉంది. డిస్కు లోలోపల చెడిపోతున్నా ఏళ్ల తరబడి తెర మీద ఏమీ తెలియదు. తప్పులు కాపలా శక్తిని దాటిన రోజున ఒక్కసారిగా బొమ్మ ఆగిపోతుంది. క్యాసెట్ అలా కాదు, మెల్లగా గీతలు పడుతూ, రంగు తగ్గుతూ ముందే హెచ్చరించేది. అందుకే "మా డిస్కు బాగానే ఆడుతోంది" అన్న మాటను నేను ధైర్యంగా తీసుకోలేను.

బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోవడానికీ కారణముంది. మన పాల్ పద్ధతిలో సెకనుకు 25 బొమ్మలు. వాటిలో పూర్తి బొమ్మ దాదాపు అర సెకనుకు ఒకటే ఉంటుంది, మిగతావన్నీ దానికీ దీనికీ తేడా మాత్రమే రాసుకున్నవి. ఆ ఒక్క పూర్తి బొమ్మ చెడితే దాని మీద ఆధారపడిన అర సెకనంతా చెదిరిపోతుంది.

ఇక రంగు సంగతి. దుకాణంలో కొన్న సినిమా డీవీడీ అడుగు వెండి రంగులోనో లేత బంగారు రంగులోనో ఉంటుంది. అందులో రాతను ఫ్యాక్టరీలో అచ్చు గుద్దుతారు. స్టూడియో ఇచ్చిన పెళ్లి డిస్కు అలా కాదు. దానిలో సేంద్రియ రంగు పూత ఉంటుంది. రైటర్ లేజర్ ఆ పూతను అక్కడక్కడా కాల్చి మచ్చలు చేస్తుంది. అతి చిన్న మచ్చ పొడవు 0.4 మైక్రాన్లు. ఆ రంగు బట్టల రంగులాగే ఎండకు వెలుస్తుంది, వేడికి మారుతుంది. కాల్చిన చోటుకూ కాల్చని చోటుకూ తేడా తగ్గిపోతే లేజర్ చదవలేదు.

దీని ఆయుష్షు ఎంత? అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కలిసి పరీక్షించి 2007లో తేల్చిన లెక్క ప్రకారం, రాసుకునే డీవీడీల్లో 15 ఏళ్లకు మించి బతుకుతాయని అంచనా వేసినవి 47 శాతమే. కొన్నింటి అంచనా 1.9 ఏళ్లు. కెనడా పరిరక్షణ సంస్థ తన పట్టికలో మామూలు డీవీడీ ఆర్‌కు 10 నుంచి 20 ఏళ్లు వేసింది. అచ్చు గుద్దిన సినిమా డీవీడీలకూ అదే 10–20. వాటికీ భరోసా లేదనడానికి వార్నర్ బ్రదర్స్ సంస్థే సాక్ష్యం. 2006 నుంచి 2008 మధ్య తయారైన తమ డీవీడీల్లో కొన్ని పాడైపోతున్నాయని 2025లో ఒప్పుకుని, బదులు డిస్కులు ఇస్తామంది. సినిమాకు ఆ వెసులుబాటు ఉంటుంది, వేరే కాపీ ఎక్కడో దొరుకుతుంది. 2008 మాఘమాసంలో జరిగిన పెళ్లికి బదులు డిస్కు ఇచ్చేవాళ్లు లేరు.

ఆ పరీక్షల లెక్కలు 25 డిగ్రీల వేడికి, 50 శాతం తేమకు వేసినవి. డిస్కులను దాచడానికి నిస్ట్ చెప్పింది ఇంకా తక్కువ, 4 నుంచి 20 డిగ్రీలు, 20 నుంచి 50 శాతం తేమ. సికింద్రాబాద్‌లో మే నెల మధ్యాహ్నాలు 40 డిగ్రీలు దాటతాయి. లష్కర్ బోనాల నాటికి వానలు పడి తేమ 70 శాతం పైకి పోతుంది. మేడ మీద స్లాబు కింద, ఇనుప బీరువాలో డిస్కుకు దక్కేది ఈ రెండూ. అక్కడ దాచిన డిస్కుకు ప్రయోగశాల ఇచ్చిన 15 ఏళ్లు ఆశించడం తప్పు.

ఆ రోజుల్లో డీవీడీని ఇంతగా నమ్మడానికి కారణం ధర. మోజర్ బేయర్ సంస్థ సినిమా వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మింది. పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోతే ఖాళీ డిస్కులు కట్టల లెక్కన దొరికేవి. జనరల్ బజార్‌లో పట్టుచీరలు, మోండాలో కూరగాయలు కొనుక్కుని చేసిన పెళ్లిళ్లన్నీ ఆ డిస్కుల్లోకే ఎక్కాయి. 2018లో మోజర్ బేయర్ ఆస్తులు అమ్మేయమని కంపెనీ లా ట్రైబ్యునల్ ఆదేశించింది. సోనీ 2025 ఫిబ్రవరితో రాసుకునే బ్లూరే డిస్కుల తయారీ ఆపేసింది. కొత్త ల్యాప్‌టాప్‌లలో డీవీడీ డ్రైవ్ ఉండదు. డిస్కు పాడవడం ఒక ఎత్తు, దాన్ని చదివే యంత్రం కరువవడం మరో ఎత్తు.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. ముందు తప్పు ఎవరిదో తేల్చుకోండి. అదే ప్లేయర్‌లో అచ్చు గుద్దిన మంచి సినిమా డీవీడీ పెట్టండి. అది కూడా ఆడకపోతే ప్లేయర్ లెన్సుదే దోషం. అది ఆడి పెళ్లి డిస్కు ఆడకపోతే ఇక ప్లేయర్‌లో పదే పదే తిప్పకండి. కంప్యూటర్‌కు తగిలించే యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ కొనండి, లేదా ఎవరిదైనా అడిగి తెచ్చుకోండి. డిస్కులో ఉన్న వీడియో టీఎస్ ఫోల్డర్‌ను ఉన్నదున్నట్టు కాపీ చేయండి. బాగున్న డిస్కయితే 10–15 నిమిషాల పని. పాడైనదైతే మామూలు కాపీ మధ్యలో ఆగిపోతుంది. అప్పుడు డీడీరెస్క్యూ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వాడాలి. అది చెడిన చోటు వదిలేసి ముందు బాగున్నదంతా లాగేసుకుని, తర్వాత చెడిన చోటికి తిరిగొచ్చి ప్రయత్నిస్తుంది. గంటలు పట్టొచ్చు, పట్టనివ్వండి. ఒక డ్రైవ్ చదవలేనిది మరొకటి చదవడమూ ఉంది, కనీసం రెండింటిలో పెట్టి చూడండి.

మురికి ఉంటే మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవండి. గుండ్రంగా తుడిస్తే పడే గీత రాత వెంబడే పోతుంది, 6 మిల్లీమీటర్ల కాపలా దానికి చాలదు. అడ్డంగా పడ్డ గీతను మాత్రం అది చాలావరకు తట్టుకుంటుంది. టూత్‌పేస్టు రుద్దే చిట్కా వద్దు. వెలిసిన రంగును ఏ పాలిషూ వెనక్కి తేలేదు. స్టిక్కర్ పీకే ప్రయత్నం అసలు చేయకండి. టీవీలో ఆడుతుంటే ఫోనుతో తీయడం చాలామంది చేస్తున్నారు, అది కాపీ కాదు. డీవీడీ బొమ్మలో ఉండేదే 720×576, అంటే 4,14,720 చుక్కలు. ఈనాటి ఫుల్ హెచ్‌డీ టీవీలో 20,73,600. ఐదో వంతు ఉన్నదాన్ని ఇంకా తగ్గించుకోవద్దు.

ఒక డీవీడీ 4.7 జీబీ. 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో 13 డిస్కులు పడతాయి. ఒక టెరాబైట్ హార్డ్‌డిస్క్‌లో 200 పైచిలుకు, అంటే మొత్తం చుట్టాలందరి పెళ్లిళ్లు. రెండు కాపీలు చేసి రెండు ఇళ్లలో ఉంచండి, ఒకటి అమ్మాయి దగ్గర, ఒకటి పుట్టింట్లో. ఊదా నీలం డిస్కులు ముందు, వెండి రంగువి తర్వాత. 2010కి ముందు రాసినవి అన్నింటికన్నా ముందు. ఈ ఆదివారమే బీరువా తెరవండి.