అరచేతికి కవచము

పడిపోవు మనిషి చేయి చాచును. ఆలోచించి చేయు పని కాదది. నడక నేర్చుకొను పసిబిడ్డకును, పండుముదుసలికిని ఒకే విధముగా సహజమైన చేష్ట. ముఖమునకు దెబ్బ తగులకుండ కాపాడు ఈ అలవాటు నడక వేగములో మేలే చేయును. గంటకు 100 కిలోమీటర్ల వేగముతో పోవు మోటారు సైకిలుపైనుండి జారినవానికి మాత్రము అదే కీడగును. శరీరపు బరువులో పెద్దపాలు ఒక్క అరచేతి మొదలుపై మోపబడి, ఆ అరచేయి గరుకైన తారుపై ఈడ్వబడును. అటువంటి చేతిని కాపాడుటకై ఏర్పడినదే పందెపు బాటలపై ధరించు తోలు గ్లౌజు. దానిని ఎట్లు ఎంచుకొనవలెను, కొన్న పిమ్మట ఎట్లు కాపాడుకొనవలెను అనునది నేటి ప్రసంగ విషయము.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో మోటారు సైకిలు పందెముల బాట లేదు గదా, మనకీ ప్రసంగమేల అని కొందరు శ్రోతలు అనుకొనవచ్చును. ముంబయినుండి చెన్నైకి పోవు రైలుమార్గము ఆదోని మీదుగనే పోవుచున్నది. ఆ రైలెక్కి, చెన్నై చేరి, అచటికి సమీపమున శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న బాటపై ఒక్కసారియైన బండి నడుపవలెనని ఉవ్విళ్లూరు యువకులు మన పట్టణములలో లేకపోలేదు. 3.7 కిలోమీటర్ల ఆ బాట 1990లో ఏర్పడినది. అంతకు పూర్వము, 1950ల మొదలుకొని, మద్రాసుకు ఉత్తరమున షోలవరములో రెండవ ప్రపంచ యుద్ధకాలమునాటి విమానపు దారిపై పందెములు జరిగెడివి. కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వే కలదు. 2023 సెప్టెంబరులో ఢిల్లీ సమీపమున బుద్ధ్ సర్క్యూట్‌పై ప్రపంచ స్థాయి మోటోజీపీ పోటీ జరిగినపుడు మన ఇండ్లలోని టెలివిజన్‌పై దానిని చూచినవారు పెక్కుమంది. అటువంటి పోటీలలో మెరుపు వేగమున జారిపడినవాడు లేచి, దుమ్ము దులుపుకొని, తన కాళ్లపై తాను నడిచిపోవుట సామాన్యముగా కనబడు దృశ్యము. అట్లు లేచినవాని చేతులకేమున్నదో గమనించినవారు తక్కువ.

మన సీమలో చేయి యనగా జీవనము. 1938లో మాచాని సోమప్పగారి పూనికతో చేనేత సహకార సంఘము వెలసిన ఊరు ఎమ్మిగనూరు. మగ్గపు గుంటలో కూర్చుండి, ఒక చేత నాడెను ఆడించుచు, మరియొక చేత పోగును దగ్గరకు కొట్టు నేతగానికి మణికట్టు బిగిసిపోయిన, అతని బ్రదుకే బిగిసిపోవును. పత్తి బేళ్ల నెత్తు హమాలీకైనను, దర్జీకైనను, మోటారు మెకానిక్కుకైనను అంతియే. ఆదివారమునాటి సరదాకు సోమవారమునాటి కూలి బలి కారాదు.

మణికట్టులో, బొటనవ్రేలి మొదలున, జీడిపప్పును పోలిన చిన్న ఎముక ఒకటి కలదు. వైద్యులు దానిని స్కాఫాయిడ్ అందురు. చాచిన చేతిపై మనిషి పడినపుడు మణికట్టులోని చిన్న ఎముకలలో తరచుగా విరుగునది ఇదియే. దీనికి రక్తము ఎక్కువగా వ్రేళ్ల వైపునున్న కొననుండి వచ్చి వెనుకకు పారును. అందుచే నడుమ విరిగినచో మణికట్టు వైపునున్న ముక్కకు రక్తము అందకపోవచ్చును. అతుకుటకు వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టును. కొందరికి అతుకనే అతుకదు. మరియొక చిక్కు ఏమనగా, మొదటినాటి ఎక్స్‌రేలో ఈ విరుపు కనబడకపోవచ్చును. కనుక పడిన పిమ్మట బొటనవ్రేలి మొదలునగల గుంటలో నొక్కినచో నొప్పి పుట్టుచున్నయెడల, ఎక్స్‌రే బాగున్నదన్న మాటతో తృప్తిపడక, ఎముకల వైద్యుని సలహాపై పది, పదునాలుగు దినములకు మరల పరీక్ష చేయించుకొనుట మేలు. గ్లౌజు ధరించినవారికిని ఈ మాట వర్తించును.

ఇక గ్లౌజు పని యేమి? చర్మము అరిగిపోకుండ కాపాడుట ఒకటి. అరచేయి తారును పట్టుకొని నిలిచిపోకుండ జారిపోవునట్లు చేయుట రెండవది. ఈ రెండవదానిని మనవారు బొత్తిగా తలపరు. అరచేయి ఒక్కచోట తట్టుకొని ఆగి, శరీరము ముందుకు పోయినచో మణికట్టు వెనుకకు విరుచుకొనును. స్కాఫాయిడ్ అప్పుడే విరుగును. అందుచే మంచి పందెపు గ్లౌజులలో అరచేతి మొదలున గట్టి ప్లాస్టిక్ బిళ్ల యొకటి అమర్చియుందురు. అది తారుపై జారును, చేతిని జారనిచ్చును. కొనునపుడు మొట్టమొదట చూడవలసినది ఈ బిళ్లనే యని నా అభిప్రాయము. పిడికిలి కణుపులపై మెరయు పెద్ద డిప్పలు కంటికి ఇంపుగా నుండును. దుకాణములో చేయి వాటి మీదికే పోవును. అవియు అవసరమే గాని, అరచేయి వట్టిదైన గ్లౌజుకు అవి అలంకారము మాత్రమే.

వేగమును కొంచెము లెక్కవేసి చూతము. గంటకు 100 కిలోమీటర్లనగా సెకనుకు దాదాపు 28 మీటర్లు. తారుపై జారు మనిషి రాపిడివలన ఆగుటకు సుమారు 4 సెకన్లు పట్టును. ఈలోగా 50 మీటర్లకు పైగా ఈడ్వబడును. వేగము 150 అయినచో కాలము 6 సెకన్లగును, దూరము 100 మీటర్లను మించును. పత్తి పండించి, వడికి, నేసి బ్రదుకు సీమవారితో ఈ మాట చెప్పుట కొంత కష్టమే గాని, నూలు ఇచట అక్కరకు రాదు. హార్డ్‌వేరు దుకాణములలో దొరకు నూలు గ్లౌజు తారు తగిలిన క్షణముననే చిరిగిపోవును. నైలాను, పాలిస్టరు కొంత గట్టివే. అయినను రాపిడి వేడికి కరిగి చర్మమునకు అంటుకొను ప్రమాదమున్నది. వ్రేళ్లు సగము బయటనుండు గ్లౌజులను గూర్చి చెప్పనక్కరలేదు.

అందుచే తోలు. తోలులోని నారలు ఒకదానితో నొకటి నలుదిక్కుల పెనవైచుకొని యుండును. పడుగు, పేక యని రెండు వరుసలే గల వస్త్రమువలె ఒక పోగు తెగిన వెంటనే మిగిలినవి విడిపోవు. వెండ్రుకలు మొలచిన వైపు పైపొర మిక్కిలి బలమైనది. దానిని తీసివేసి లోపలి పొరతో చేసిన మెత్తని, నూగు తోలు అంత నిలువదు. ఆవుతోలు దిట్టమైనది, కొంచెము బిరుసు. మేకతోలు పలుచన, మెత్తన, బలమునకు లోటు లేదు. క్లచ్, బ్రేకు మీటలు వ్రేళ్లకు బాగుగా తెలియవలెనని కోరువారికి అనుకూలము. కంగారూ తోలులో నారలు పైభాగమునకు సమాంతరముగా పరచుకొని యుండుటచే అది పలుచగనే యుండి గట్టిగా నిలుచును. వెలయు నట్లే యుండును.

తోలు పదును చేయు విద్య మన తెలుగువారికి క్రొత్త కాదు. మన మెట్టలలో పచ్చగా పూచు తంగేడు చెట్టు చెక్కతో తోళ్లను పదును చేయుట దక్షిణ దేశమున తరతరములుగా సాగినది. నేటి గ్లౌజుల తోలు చాలవరకు క్రోమియము లవణములతో పదును చేసినది. అది మెత్తగా నుండును, వేడికి తంగేడు తోలంత త్వరగా ముడుచుకొనదు. మద్రాసు అడయారులో 1948లో నెలకొన్న కేంద్రీయ చర్మ పరిశోధన సంస్థకు 1958 మొదలు 1971 వరకు డైరెక్టరుగా నుండినవారు తెనాలి ప్రాంతపు యలవర్రులో జన్మించిన యలవర్తి నాయుడమ్మగారు. ప్రయోగశాలలోని విద్యను పల్లెలలో తోలు పని చేయువారి ముంగిటికి చేర్చవలెనని పాటుపడిన శాస్త్రజ్ఞుడాయన. 1985లో కనిష్క విమాన దుర్ఘటనలో ఆయన మరణించిరి. చేతికి తొడుగుకొను తోలు వెనుక ఇంత శాస్త్రమున్నదని చెప్పుటకే ఆయన పేరు తలచితిని.

తోలు ఎంత మంచిదైనను కుట్టు విడిపోయిన లాభము లేదు. పందెములో పడినపుడు గ్లౌజు తరచుగా విచ్చుకొనునది కుట్టు దగ్గరనే. అరచేతి వైపున రెండు వరుసల కుట్టున్నదా, దారము నైలాను లేక పాలిస్టరుదేనా యని చూడవలెను. నూలుదారము చెమటకు లోలోపల కుళ్లిపోవును. వ్రేళ్ల కుట్లు కొన్నిటిలో లోపలికి, కొన్నిటిలో వెలుపలికి నుండును. వెలుపలి కుట్టు వ్రేలికి ఒరిపిడి కలిగింపదు. కెవ్లార్ నారతో నేసిన అస్తరు అరచేతి లోపల ఉన్నచో తోలు అరిగిన పిదప కూడ కొంత అడ్డు నిలుచును. చిటికెనవ్రేలు ఒంటరిగా మెలిపడి విరుగుట సామాన్యమగుటచే, దానిని ఉంగరపు వ్రేలితో చిన్న తోలుపట్టీచే కలిపిన గ్లౌజులును కలవు. మొదట చేతికి వింతగా తోచును, రెండు దినములలో అలవడును.

శిరస్త్రాణమును కోరినట్లు చట్టము గ్లౌజును కోరదు. పందెముల నిబంధనలు కోరును. కొనువానికి ఆధారమగునది లోపల కుట్టియుండు చిన్న చీటీ. యూరపు దేశముల ప్రమాణమైన ఈ.ఎన్. 13594 అను సంఖ్యయు, దాని ప్రక్కన 1 లేక 2 అను తరగతియు అందుండవలెను. సెకనుకు 8 మీటర్ల వేగమున తిరుగు గరుకు పట్టీపై అరచేతి తోలును నొక్కి పరీక్షింతురు. మొదటి తరగతికి 4 సెకన్లు, రెండవదానికి 8 సెకన్లు అది చిల్లి పడక నిలువవలెను. ఈ సెకన్లును, ఇంతకుముందు రోడ్డుపై మనము లెక్కించిన సెకన్లును ఒకటి కావు. ఇవి ఒక గ్లౌజును మరియొకదానితో పోల్చుటకు మాత్రమే. కే.పీ. అను అక్షరములున్నచో కణుపుల రక్షణ కూడ పరీక్షింపబడినదని అర్థము. ప్రమాణ సంఖ్య లేక వట్టి సీ.ఈ. గుర్తు మాత్రమే ముద్రించిన సరుకు బజారులో దొరకును. దానిని నమ్మరాదు. పందెపు బాటకు రెండవ తరగతి ఉత్తమము. ఆదోని ఎమ్మిగనూరుల నడుమ దినమును తిరుగువానికి మొదటిది చాలును.

నేడు ఫోనులో చూచి తెప్పించుకొనువారే ఎక్కువ. తెప్పించు ముందు బొటనవ్రేలిని విడిచి అరచేతి చుట్టుకొలత టేపుతో తీసికొని తయారీవారి పట్టికతో సరిచూడవలెను. వచ్చిన పిమ్మట తొడిగి, ఊరక చేయి చాచి చూచుకొనుట చాలదు. బండి హ్యాండిలు పట్టుకొని, రెండు వ్రేళ్లతో బ్రేకు మీట లాగి చూడవలెను. అరచేతిలో తోలు ముడుతలు పడినచో అర్ధగంటకు బొబ్బలెక్కును. వ్రేలి కొనలు తోలుకు గట్టిగా ఒత్తుకొనరాదు, అట్లని వేలాడనురాదు. తోలు కొంత సాగును గనుక మొదట ఒద్దికగా, కొంచెము బిగువుగా ఉండుటయే మంచిది. తరువాత మణికట్టు పట్టీ బిగించి, స్నేహితునిచే వ్రేళ్ల కొనలు పట్టి గట్టిగా లాగించవలెను. ఊడివచ్చినచో ఆ గ్లౌజు, తక్కిన గుణములెన్ని ఉన్నను, పనికిరాదు. పడినపుడు మొదటి దెబ్బకే చేతినుండి ఎగిరిపోవును. పందెపు గ్లౌజు పొడవుగా నుండి కోటు చేతిని కప్పవలెను. మన ఎండలలో గాలి రంధ్రములు లేని గ్లౌజు భరింపరానిది. రంధ్రములు వ్రేళ్ల ప్రక్కలను, పైభాగమునను ఉండవచ్చును. అరచేతి మొదలున ఉండరాదు.

కాపాడుకొనుటలో మొదటి శత్రువు చెమట. చెమట ఆరిపోయినను ఉప్పు మిగిలి తోలును బిరుసెక్కించును. ఇచట మాత్రము మన నూలు అక్కరకు వచ్చును. పలుచని నూలు చేతిజోడు లోపల తొడిగి, దినమును ఉతుకుకొన్నచో పై తోలు ఎంతో కాలము మన్నును. దిగిన వెంటనే గ్లౌజును తడిగుడ్డతో తుడిచి, వ్రేళ్లు విప్పి, నీడలో గాలికి ఆరవేయవలెను. మన వేసవి ఎండలో డాబాపై పరచుట, వేడి సైలెన్సరుపై పెట్టుట తోలును చంపుటయే. ప్లాస్టిక్ సంచిలో కట్టిపెట్టినచో వానకాలమున బూజు పట్టును. బట్టల సబ్బు, వాషింగ్ మెషీను రెండును నిషిద్ధములు. మురికి పోకున్నచో తోలు సబ్బుతో, చేతికి తొడిగియే, గోరువెచ్చని నీట తేలికగా కడిగి, నెమ్మదిగా ఆరనీయవలెను.

నూనె సంగతి ఒకటి చెప్పవలెను. కపిలె తోలుకు, చెప్పులకు ఆముదము పట్టించు ఆచారము మన రైతులది. నీటిలో నాని, ఎండలో ఎండు తోలుకు అది తగిన వైద్యమే. గ్లౌజుకు తగదు. ఎక్కువ నూనె త్రాగిన పలుచని తోలు వదులై, కుట్టు రంధ్రములు పెద్దవగును, పట్టు జారును. రెండు మూడు నెలలకొకసారి తోలు క్రీము వ్రేలికొనతో పలుచగా పూసి, మిగిలినది తుడిచివేసిన చాలును. వెల్‌క్రో పట్టీని మూసియే దాచవలెను. తెరచియుంచిన దారపు పీచు చేరి, పట్టు తగ్గును.

పందెమునకు పోవు ముందు ప్రతిసారి కుట్లన్నియు వ్రేళ్లతో లాగి చూచుకొనుట ఐదు నిమిషముల పని. ఒకసారి తారుపై గట్టిగా జారిన గ్లౌజు పైకి గీతలతోనే కనబడినను, తోలు సగము అరిగియుండును, దారములు తెగుటకు సిద్ధముగా నుండును. దానిని మరల బాటపైకి తీసికొనిపోరాదు. ఊరిలో చెప్పులు కుట్టువానిచే అతుకు వేయించిన గ్లౌజును పోటీకి ముందు తనిఖీ చేయువారు త్రోసిపుచ్చుటకు వీలున్నది, త్రోసిపుచ్చుట న్యాయము కూడ. ఎడమచేతిది బాగుగనే యున్నది గదా, కుడిచేతిది ఒక్కటియే కొనరాదా యని అడుగువారు కలరు. దుకాణములో జతగనే అమ్ముదురు.